సబ్బు మార్చకు, నీళ్లు చూడు

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్

చిరంజీవి చిన్నాకి,



నువ్వు పంపిన ఫొటోలు చూశాను. గాజు గ్లాసుల మీద తెల్లటి మసక, స్టీలు కంచాల మీద ఎండిన నీటి చుక్కల మచ్చలు, పప్పు గిన్నె అంచు కింద గీరితే గోటికి వచ్చే పొడి. ఈ డిష్‌వాషర్ డిటర్జెంట్ పనికిరాదు, ఇంకో కంపెనీది కొంటామని రాశావు. పోయినసారీ ఇదే మాట అన్నావు. అంతకుముందు పౌడర్ మానేసి బిళ్లలకు మారావు. నాన్నా, తప్పు సబ్బుది కాదు. ఆ ఫొటోల్లో కనిపిస్తున్నది సున్నం. మీ సైనిక్‌పురి బోరు నీళ్లలోంచి దిగిన సున్నం. ఎంత ఖరీదైన సబ్బు వేసినా అది పోదు, ఎందుకంటే కడిగే నీళ్లే దాన్ని రోజూ తెచ్చి గిన్నెల మీద పెట్టి పోతున్నాయి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక గ్లాసు తీసుకుని సగానికి నిమ్మచెక్క రుద్దు. రెండు నిమిషాలు ఆగి కడుగు. రుద్దిన వైపు మెరిసిందంటే అది సున్నపు పొరే, పులుపు తగిలితే కరిగిపోతుంది. రుద్దినా మసక కదలకపోతే మాత్రం అది వేరే సంగతి. నీళ్లలో కఠినత్వం మరీ తక్కువై, సబ్బు ఎక్కువై, బాగా వేడి మీద పదే పదే కడిగితే గాజు పైపొరే కొద్దికొద్దిగా కరిగి గరుకెక్కుతుంది. దానికి మందు లేదు, ఆ గ్లాసు ఇక అంతే. నీ ఫొటోలో ఉన్నది మొదటి రకమనే నా నమ్మకం, ఎందుకంటే గాజు ఒక్కటే కాదు, స్టీలు మీదా అదే పొర ఉంది.

మన ఊరి నీళ్ల సంగతి కాస్త తెలిస్తే ఇదంతా నీకే అర్థమవుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేని రోజుల్లో ఇక్కడి జనానికి హుస్సేన్‌సాగరే నీళ్లిచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచాక, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి ఆ రెండు పెద్ద చెరువులూ కట్టారు. 1965లో మంజీరా వచ్చింది. మా తరం వాళ్లం ఇప్పటికీ నల్లాలో ఏ నీళ్లొచ్చినా మంజీరా అనే అంటాం. 2004లో కృష్ణ, 2015లో గోదావరి కూడా వచ్చి చేరాయి. ఇవన్నీ వాన పడి, ఏట్లో పారి, చెరువులో నిలిచిన నీళ్లు. వీటిలో కఠినత్వం తక్కువ. బోరు నీళ్లు అలాంటివి కావు. మనది గ్రానైట్ నేల. ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి రాతినీ మట్టినీ ఒరుసుకుంటూ నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి, కఠినత్వం అంటే అదే. తాగే నీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మన చుట్టుపక్కల కొన్ని బోర్లు ఆ 600 కూడా దాటేస్తాయి. అలాంటి నీటిని 65 డిగ్రీలకు కాచి గిన్నెల మీద చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గీజర్ కాయిల్ విప్పి చూసిన వాళ్లెవరికైనా తెలుసు.

పైగా మీ అపార్ట్‌మెంట్ సంపులో అన్నీ కలుస్తాయి. నల్లా నీళ్లు వచ్చిన రోజు ఒక రకం, రాని రోజు బోరు, ఎండాకాలం ట్యాంకరు. ఆ ట్యాంకరు ఎక్కడి బోరుదో నింపిన వాడికే తెలియాలి. అందుకే నీ గిన్నెలు ఒక వారం బాగుంటాయి, ఇంకో వారం మసకేస్తాయి. బాగున్న వారం ఏ సబ్బు వాడుతుంటే దానికి పేరొస్తోంది, బాగాలేని వారం వాడిన దానికి చెడ్డపేరొస్తోంది.

ఇక చేయాల్సిన పని చెప్తాను. కింది అర బయటికి లాగితే మిషన్ అడుగున ఒక మర మూత కనిపిస్తుంది. అది ఉప్పు పోసే చోటు. బిళ్లలో అన్నీ ఉన్నాయి కదా, ఉప్పు ఎందుకని మానేశామన్నావు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మిషన్ లోపల సన్నటి పూసలు నిండిన ఒక అర ఉంటుంది. బోరు నీళ్లు ఆ పూసల మీదుగా వెళ్లేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పూసలకు అంటుకుని, వాటి బదులు సోడియం నీళ్లలోకి దిగుతుంది. అలా కఠినత్వం పోయిన నీళ్లే గిన్నెల మీదకి వస్తాయి. కొన్నాళ్లకు పూసలు నిండిపోతాయి, ఇక పట్టుకోలేవు. అప్పుడు మిషన్ కాస్త ఉప్పునీటితో వాటిని కడుక్కుని మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. ఉప్పు చేసే పని అదొక్కటే, గిన్నెలకి దానితో సంబంధం లేదు. నీ మిషన్‌లో ఉప్పు లేదు కాబట్టి పూసలు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. బోరు నీళ్లు ఉన్నవి ఉన్నట్టు గిన్నెల మీదకి వస్తున్నాయి.

అన్నీ ఒకే బిళ్లలో ఉన్నాయని చెప్పే రకాలు కూడా ఒక హద్దు దాకానే పనిచేస్తాయి. ఆ హద్దు సాధారణంగా 21 జర్మన్ డిగ్రీలు. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకి 17.8 మిల్లీగ్రాముల కఠినత్వం. అంటే దాదాపు 375 మిల్లీగ్రాముల దాకా బిళ్ల తన పని తాను చూసుకుంటుంది. మీ బోరు 500 ఉందనుకో, అది 28 డిగ్రీలు, బిళ్ల వల్ల కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఈ సంగతి ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చదువు.

ముందు మీ నీళ్లు ఎంతున్నాయో తెలుసుకో. కఠినత్వం చూసే కాగితపు పట్టీలు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. ఆర్వో ఫిల్టర్ బాగుచేయడానికి వచ్చే కుర్రాళ్లు చూపించే టీడీఎస్ అంకెను పట్టుకుని కూర్చోకు. అది నీటిలో కరిగినవన్నీ కలిపి చెప్పే లెక్క, సోడియం కూడా అందులోనే ఉంటుంది. కఠినత్వం లెక్క వేరు. పట్టీ దొరికే లోపు ఒక పని చెయ్యి, నేను పిల్లలకు క్లాసులో చేసి చూపించేదాన్ని. రెండు ఖాళీ సీసాలు తీసుకో. ఒకదానిలో ఆర్వో నీళ్లు, ఇంకోదానిలో వంటింటి నల్లా నీళ్లు సమానంగా పొయ్యి. రెంటిలోనూ ఒంటి సబ్బు తురిమి చిటికెడు వెయ్యి. గిన్నెల లిక్విడ్ వేయకు, అది బోరు నీళ్లలోనూ నురుగిస్తుంది, తేడా తెలియదు. మూత పెట్టి గట్టిగా కుదుపు. ఆర్వో సీసాలో నురుగు నిలబడుతుంది. బోరు సీసాలో తెల్లటి తెట్టు పైకి తేలుతుంది, నురుగు పల్చగా వచ్చి పడిపోతుంది.

అంకె తెలిశాక మిషన్ పుస్తకంలో దానికి ఎదురుగా ఏ మెట్టు ఉందో చూసి అక్కడ పెట్టు. మిషన్ బిగించి వెళ్లిన అబ్బాయి ఏ మెట్టు మీద వదిలాడో అదే ఇంకా ఉండి ఉంటుంది. ఉప్పు మాత్రం డిష్‌వాషర్ ఉప్పే కొను, గళ్లు గళ్లుగా ఉంటుంది. వంట ఉప్పులో గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి, పైగా మెత్తటి పొడి, పూసల మధ్య అడ్డుపడుతుంది. మొదటిసారి ఉప్పు పోసే అరలో నీళ్లు నింపి ఆ మీదట ఉప్పు పొయ్యి. పోసేటప్పుడు చుట్టూ కొంత ఒలుకుతుంది. వెంటనే ఒకసారి మిషన్ తిప్పెయ్, ఉప్పునీళ్లు అలాగే నిలిస్తే స్టీలైనా తుప్పు పడుతుంది. ఎండాకాలం ట్యాంకర్లు మొదలవగానే ఇంకోసారి పట్టీ ముంచి చూడు.

ఇప్పుడు సబ్బు సంగతి. మా అమ్మ గిన్నెలు తోమేటప్పుడు ఆమె ముందు నాలుగు ఉండేవి: పొయ్యిలోని బూడిద, కొబ్బరి పీచు, చింతపండు పిప్పి, కుంకుడు రసం. రసాయనశాస్త్రం చదివాక నాకు అర్థమైంది, ఆ నాలుగింటిలో ఒక్కటీ ఊరికే పెట్టింది కాదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం, జిడ్డును సబ్బుగా మార్చి వదలగొడుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, ఇత్తడి మీద చిలుమును అది కరిగిస్తుంది. కుంకుడులో సాపోనిన్లు నురుగిచ్చి నూనెను నీళ్లలో కలుపుతాయి. పీచు రాపిడి చూసుకుంటుంది. డిష్‌వాషర్ పౌడర్ డబ్బా మీద పేర్లు చదువు, చాలావాటిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది, మన చాకలి సోడా. బూడిదకి దగ్గరి చుట్టమే.

మిషన్‌కి లేనిది పీచు పట్టిన చెయ్యి. 1959లో జర్మనీలో హెంకెల్ కంపెనీ రసాయనవేత్త హెర్బర్ట్ జిన్నర్ కడగడం గురించి ఒక లెక్క చెప్పాడు. ఏది శుభ్రం కావాలన్నా నాలుగు కలవాలి: మందు, రాపిడి, వేడి, సమయం. ఒకటి తగ్గిస్తే మిగిలినవి పెంచాలి. మిషన్‌లో రాపిడి తక్కువ కాబట్టి మందు ఘాటుగా, నీళ్లు వేడిగా, సమయం ఎక్కువగా ఉండాలి. అందుకే ఎకో ప్రోగ్రాము 3 గంటలకు పైగా తిరుగుతుంది. కోడలు అరగంట ప్రోగ్రాము మీదే నడుపుతోందని రాశావు. అది టీ కప్పులకి సరిపోతుంది. పోపు, పప్పు, నెయ్యి పట్టిన మన గిన్నెలకి చాలదు. బిళ్ల కూడా అంత తక్కువ సేపట్లో పూర్తిగా కరగదు, ఆ ముక్కే మీకు తలుపు దగ్గర జిగురుగా కనపడుతున్నది.

మందులో ఎంజైములు ఉంటాయి. ఒకటి పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది, ఇంకోటి మాంసకృత్తులను. ఇవి 50 డిగ్రీల ప్రాంతంలో నిదానంగా పనిచేస్తాయి, వాటికి సమయం ఇవ్వాలి. టీ మరకలకి ఆక్సిజన్ వదిలే బ్లీచ్ ఉంటుంది. నురుగు మాత్రం దాదాపు రాదు, రాకూడదు కూడా. పౌడర్ అయిపోయిందని చేత్తో తోమే లిక్విడ్ ఒక్క చెంచా పోసినా మిషన్ నిండా నురుగు పొంగి తలుపు సందుల్లోంచి వంటింట్లోకి వస్తుంది, పంపు నీళ్లను తోయలేక ఆగిపోతుంది. మీ ఇంటికి పనికి వచ్చే ఆమెకి కూడా ఈ మాట గట్టిగా చెప్పు.

ఇక గిన్నెలు సిద్ధం చేయడం. నీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన మాట ఇక్కడుంది: ప్రతి గిన్నెనూ నల్లా కింద పీచుతో శుభ్రంగా తోమి, ఆ తర్వాత మిషన్‌లో పెడుతున్నామన్నావు. మరి మిషన్ ఎందుకు నాన్నా? ఇప్పటి మిషన్ ఒక విడతకి 10 లీటర్ల అటూ ఇటూ నీళ్లతో పని ముగిస్తుంది. దానికి ముందు మీరు నల్లా తిప్పి రెండు మూడు బకెట్లు పారబోస్తున్నారు, ట్యాంకరు కొనుక్కునే ఎండాకాలంలో. పైగా చాలా మిషన్లు మొదట పోసిన నీళ్లు ఎంత మురికయ్యాయో లోపల చూసుకుని, ఆటో ప్రోగ్రాములో వేడినీ సమయాన్నీ దాన్ని బట్టి నిర్ణయిస్తాయి. నువ్వు ముందే కడిగి పెడితే నీళ్లు తేటగా కనపడి, పని తేలికని అది త్వరగా ముగిస్తుంది. గిన్నె మూలన నువ్వు చూడకుండా వదిలిన జిడ్డు అలాగే మిగిలిపోతుంది.

అలాగని ఉన్నది ఉన్నట్టు పడేయమని కాదు. కడగడం వద్దు, ఊడ్చడం కావాలి. మన తిండిలో మిషన్‌కి పడనివి చాలా ఉన్నాయి. కరివేపాకు, పోపులో ఆవాలు, ఎండుమిర్చి గింజలు, ములక్కాడ పిప్పి, చింతపండు ఈనెలు, చేప ముల్లు. ఇవి అడుగున జల్లెడలో చేరతాయి. ఆవగింజ ఒక్కటి నీళ్లు చిమ్మే రెక్క రంధ్రంలో ఇరుక్కుంటే ఆ వైపు గిన్నెలకు నీళ్లు అందవు. రెక్క తీసి వెలుతురుకి పెట్టి చూస్తే మూసుకున్న రంధ్రం తెలుస్తుంది, పుల్లతో తీసెయ్యొచ్చు. జల్లెడ వారానికి ఒకసారి విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడుగు. మీ మిషన్ తలుపు తీయగానే వాసన వస్తోందన్నావే, అది జల్లెడలో కుళ్లిన కరివేపాకు వాసన.

రంజాన్ నెలలో మీరు హలీం తెచ్చుకుని ఇంట్లో గిన్నెలో వేడి చేసుకుంటారు కదా, ఆ గిన్నెనే తీసుకో. మిషన్‌కి దానికంటే కష్టమైనది మన ఇళ్లలో లేదు. గోధుమలు, మాంసం, నెయ్యి మూడూ గంటల తరబడి ఉడికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వడ్డించుకున్న వెంటనే, గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉండగానే, మెత్తటి రబ్బరు గరిటెతో అంచు నుంచి అడుగుకి, అడుగు నుంచి మధ్యకి గీకి చెత్తబుట్టలో వెయ్యి. నెయ్యి గడ్డకట్టి ఉంటే పాత కాగితంతో తుడిచెయ్. సింకులో పోస్తే నెయ్యి పైపులో పేరుకుని నీ కంటే ముందు కింది అంతస్తు వాళ్లకి కష్టం వస్తుంది. ఆ తర్వాత అడుగు మునిగేలా చన్నీళ్లు పోసి పక్కన పెట్టు. వేడినీళ్లు పోయకు, మాంసకృత్తులు వేడికి ఇంకా బిగుసుకుంటాయి. అన్నం తిని చేతులు కడుక్కుని వచ్చేసరికి నానిపోతుంది. ఆ నీళ్లు ఒంపేసి గిన్నెను కింది అరలో బోర్లించు. బాగా వేడిగా ఉండే ప్రోగ్రాము పెట్టు.

పాలగిన్నెకీ, గుడ్డు కొట్టిన గిన్నెకీ ఇదే పద్ధతి, ముందు చన్నీళ్లు. దోసె పిండి గిన్నెను మాత్రం ఎండనివ్వొద్దు. పులిసిన బియ్యప్పిండి ఎండితే గోడకి పూసిన సిమెంటే. ఖాళీ కాగానే నీళ్లు పోసి వదిలెయ్, అది చాలు. ఇడ్లీ పళ్లేలు కూడా అంతే. అడుగంటి మాడిన గిన్నెను మిషన్ బాగుచేయలేదు. నీళ్లూ చాకలి సోడా వేసి పొయ్యి మీద కాచి, మాడు ఊడాక పెట్టాలి. అల్యూమినియం గిన్నెలో మాత్రం సోడా కాచకు, లోహాన్ని తినేస్తుంది.

రాత్రి భోజనం గిన్నెలు రాత్రే పెట్టి తిప్పేయండి. నిండలేదని మర్నాటికి ఆపాల్సి వస్తే ఒట్టి నీళ్లతో తిరిగే కొద్ది నిమిషాల ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, అది నడిపి వదలండి. ఎంగిలి ఎండిన కంచాలు రాత్రంతా లోపలుంటే బొద్దింకలకి పిలుపే.

ఏవి పెట్టకూడదో కోడలికి చదివి వినిపించు. అల్యూమినియం గిన్నెలు, కుక్కర్లు నల్లబడతాయి. ఇనప పెనం, మూకుడు, ఏళ్లుగా నూనె పట్టి నిగారించినవి, ఒక్క విడతలో తుప్పెక్కుతాయి. మీ అమ్మమ్మ దోసెల పెనం ఎవరు పెట్టినా నేను ఒప్పుకోను. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలు, రాగి చెంబు, వెండి కంచం, రాతి చిప్పలు, మట్టి కుండలు, చెక్క గరిటెలు, కవ్వం, ఇవన్నీ చేత్తోనే. లష్కర్ బోనాలకి ఎత్తిన బోనం కుండను మిషన్ దగ్గరికి కూడా తేవద్దు. స్టీలు కుక్కర్ పెట్టొచ్చు, కానీ రబ్బరూ విజిలూ తీసి విడిగా కడగాలి. మిక్సీ జార్లు పెట్టొచ్చని పుస్తకంలో రాసి ఉన్నా, బ్లేడు కింద బుష్‌లోకి వేడి క్షారపు నీళ్లు చేరితే త్వరగా పోతుంది. నేనైతే పెట్టను.

పసుపు సంగతి అడిగావు, ప్లాస్టిక్ డబ్బాలు ఎర్రబడి వస్తున్నాయని. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో అందుకే ఇదీ. పసుపు రంగు క్షారం తగలగానే ఎర్రబడుతుంది. ఆ రంగు నూనెలో కరుగుతుంది, ప్లాస్టిక్ నూనెను పీల్చుకుంటుంది, అక్కడే ఉండిపోతుంది. డబ్బాలు డాబా మీద ఎండలో రెండు పూటలు పెట్టు, వెలిసిపోతుంది. సాంబారూ పులుసూ ప్లాస్టిక్‌లో పోయడం మానితే ఇంకా మంచిది.

అమర్చడం పెద్ద విద్య కాదు. ప్రతి గిన్నె నోరూ కిందికి చూడాలి, ఒకదానిలో ఒకటి దూరకూడదు, తలుపు వేసే ముందు నీళ్లు చిమ్మే రెక్కల్ని చేత్తో ఒకసారి తిప్పి చూడాలి, సబ్బు పెట్టె మూతకి అడ్డంగా పెద్ద పళ్లెం నిలబెట్టకూడదు. ఈ మిషన్‌ని పనికొచ్చేలా చేసిన ఆమె జోసెఫిన్ కాక్రేన్, అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రపు ఇల్లాలు. 1886 డిసెంబరు 28న పేటెంటు తీసుకుంది. తన ఇంటి పింగాణీ పళ్లేలను ఒక్కొక్కటీ కొలిచి, ఆ కొలతకి తీగలతో గూళ్లు కట్టించింది. 1893 చికాగో ప్రదర్శనలో బహుమతి వచ్చింది, హోటళ్ల వాళ్లు కొన్నారు. ఆ గూళ్లు ఆమె పళ్లేల కొలతవి, మన లోతు గిన్నెలవి కావు. అందుకే మన ఇళ్లలో కింది అర కమ్మీలు మడిచే వీలున్న మిషన్ కావాలి. నీదానిలో ఉంది, ఫొటోలో చూశాను, మడిచి వాడు.

సబ్బు ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రమవుతుందని అనుకోకు. సగం నిండిన మిషన్‌కి 20 గ్రాముల పౌడర్ చాలు, నిండా జిడ్డు గిన్నెలైతే ఇంకొంచెం. పౌడర్ వాడితే నీ ఇష్టం వచ్చినంత వేసుకునే వీలుంటుంది, బిళ్లకి ఆ వీలు లేదు, కాబట్టి పౌడర్‌కే నా ఓటు. కఠినత్వం లెక్క సరిచేశాక రిన్స్ ఎయిడ్ కూడా నింపు, గ్లాసుల మీద నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చగా జారిపోతాయి. కొనేటప్పుడు ఫాస్ఫేట్ లేని రకం చూసి తీసుకో. ఐరోపాలో 2017 జనవరి నుంచి ఇళ్ల డిష్‌వాషర్ సబ్బుల్లో ఫాస్ఫరస్‌ను ఒక విడతకి 0.3 గ్రాములకు కట్టడి చేశారు. మన కాలువల్లోకి వెళ్లిన ఫాస్ఫేటు నాచుకీ గుర్రపుడెక్కకీ ఎరువే. ఇక్కడ మా వైపు పికెట్ నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. మీ పక్కన కాప్రా చెరువుంది. నా చిన్నప్పుడు జనం నడిచి వచ్చి కూర్చున్న గట్లవి.

పాప పాకుతోందన్నావు. బిళ్లలు రంగురంగుల మిఠాయిల్లా ఉంటాయి. ఈ మందు ఘాటైన క్షారం, నోట్లో పడితే నోరూ గొంతూ కాలతాయి. డబ్బా కింది అరలోంచి ఈ రోజే తీసి పై అలమరలో పెట్టు. ఎప్పుడైనా అలాంటిది జరిగితే వాంతి చేయించకూడదు, నోరు నీళ్లతో కడిగి డబ్బా వెంట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. డబ్బా మూత గట్టిగా పెట్టకపోతే వానాకాలపు తేమకి పౌడర్ గడ్డకట్టి బలం కూడా పోతుంది.

మీ అత్తగారు ఎంగిలి కంచాలూ వంట గిన్నెలూ ఒకే పెట్టెలో పెట్టడమేమిటని అభ్యంతరపడ్డారని రాశావు. ఆమెను నొప్పించకు. లోపల నీళ్లు ఒక్కసారి పోసి ఊరుకోదని, కడిగిన నీళ్లు బయటికి తోసి కొత్త నీళ్లు మళ్లీ మళ్లీ తీసుకుంటుందని, చివరి విడత చెయ్యి పెట్టలేనంత వేడి మీద జరుగుతుందని నెమ్మదిగా చెప్పు. అయినా మనసొప్పకపోతే వంట గిన్నెలు ఒక విడత, కంచాలు ఒక విడత వెయ్యి. దేవుడి సామాన్లు ఇత్తడివీ వెండివీ కాబట్టి అవి ఎలాగూ మిషన్‌లోకి వెళ్లవు, ఆ విషయంలో ఆమె మాటే సరైనది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఎవరి ఇంటికీ పనివాళ్లు రాలేని రోజుల్లో మన ఊళ్లో చాలామంది ఈ మిషన్ కొన్నారు. తలుపులు తెరిచాక కొందరు పనామెను మానిపించేశారు. నువ్వలా చేయలేదు, సంతోషం. ఇప్పుడు గిన్నెలు అమర్చేది ఆమే అన్నావు కాబట్టి, ఈ ఉత్తరంలో ఉన్నదంతా ఆమెకీ చెప్పాలి. ఉప్పు ఎక్కడ పోయాలో, ఏ లిక్విడ్ వాడకూడదో, పౌడర్‌ను వట్టి చేత్తో ఎందుకు ముట్టుకోకూడదో చెప్పు. ఒక జత రబ్బరు గ్లవ్స్ కొనిపెట్టు. అన్నం తిన్న కంచం మాత్రం ఎవరిది వాళ్లే ఊడ్చి పెట్టండి, నువ్వూ, మీ మామగారూ కూడా. ఎండిన ఎంగిలి ఆమె కోసం వదిలేయడం న్యాయం కాదు.

ఈ ఆదివారం పట్టీ తెచ్చి మీ వంటింటి నల్లా నీళ్లు చూడు. వచ్చిన అంకె నాకు రాసి పంపు, మిషన్ పుస్తకంలో ఆ పేజీ ఫొటో కూడా పెట్టు, ఏ మెట్టు పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఆ అంకె తెలిసేదాకా కొత్త డిటర్జెంట్ మాత్రం కొనకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ